వంటింటి సందేహాలు: ఎయిర్ ఫ్రయర్ ఎవరికి, ఎందుకు, ఎలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎయిర్ ఫ్రయర్ గురించే ఉన్నాయి. సంక్రాంతి పిండివంటల రోజులు దగ్గరపడుతున్నందున, మన వరంగల్, కరీంనగర్ వైపు ఇళ్లకు నేరుగా పనికివచ్చే ప్రశ్నలను ఎంచుకుని శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం. మా వారికి కొలెస్టరాల్ ఎక్కువగా ఉందని, నూనె తగ్గించమని డాక్టరు గారు చెప్పారు. దుకాణంలో అడిగితే నూనె చుక్క లేకుండా అన్నీ వేయించుకోవచ్చని అంటున్నారు. నాలుగు లీటర్లది సరిపోతుందా, పెద్దది తీసుకోవాలా? ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఉంది.
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: అమ్మా, ఎయిర్ ఫ్రయర్ నిజానికి ఒక చిన్న ఓవెన్. దాని పైభాగంలో కరెంటుతో కాగే తీగచుట్ట, ఆ చుట్టకు పైన ఒక ఫ్యాన్ ఉంటాయి. ఆ ఫ్యాన్ వేడిగాలిని వేగంగా కిందికి తోసి, చిల్లుల బుట్టలో ఉన్న పదార్థం చుట్టూ తిప్పుతుంది. ఇరుకైన చోట గాలి అంత వేగంగా తిరగడం వల్ల పదార్థం పైన ఉన్న తడి త్వరగా ఆరి, పైపొర కరకరలాడుతుంది. ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో దీన్ని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన రకాలన్నీ కొద్దిపాటి తేడాలతో ఇదే పద్ధతిలో పనిచేస్తున్నాయి. కాబట్టి దీని నుంచి కడాయిలో నూనెలో తేలిన వంట రుచిని కాకుండా, ఓవెన్‌లో కాల్చిన వంట రుచిని ఆశించాలి. అలా ఆశించి కొన్నవారు దాన్ని సంతోషంగా వాడుకుంటారు.

నూనె చుక్క అక్కరలేదన్న మాటను మాత్రం పట్టించుకోకండి. అసలు నూనె తగలని బెండకాయ ముక్క ఆ గాలికి వేగదు, ఎండిపోతుంది. అరకిలో బెండకాయ, దొండకాయ లేదా కాకరకాయ ముక్కలకు రెండు టీస్పూన్ల నూనె, ఉప్పు, పసుపు బాగా పట్టించి, 180 డిగ్రీల వద్ద పదిహేను నుంచి ఇరవై నిమిషాలు ఉంచి, మధ్యలో రెండుసార్లు బుట్టను కదిలిస్తే చక్కటి వేపుడు వస్తుంది. కారం, వెల్లుల్లి చివరి రెండు నిమిషాల్లో చల్లుకోవాలి. ఒక టీస్పూన్ నూనెలో దాదాపు 40 కేలరీలు ఉంటాయి. కడాయిలో అదే వేపుడుకు ఎంత నూనె పోస్తున్నారో ఒకసారి కొలిచి చూస్తే, మీ ఇంట్లో తగ్గేదెంతో మీకే తెలుస్తుంది. అయితే ఈ పరికరం తగ్గించేది పైనుంచి పోసే నూనెను మాత్రమే. మటన్‌లో ఉన్న కొవ్వు, ఆలుగడ్డలో ఉన్న పిండిపదార్థం, మనం వేసే ఉప్పు అలాగే ఉంటాయి. ప్యాకెట్లలో దొరికే ఫ్రోజెన్ ఆలుగడ్డ ముక్కలను ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో వేయించి గడ్డకట్టిస్తారు కనుక, వాటిని ఇంట్లో నూనె లేకుండా వేడిచేసినంత మాత్రాన అవి నూనె లేని తిండి కావు. మీ వారి కోసమే కొంటున్నట్లయితే ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఇక పరిమాణం. డబ్బా మీద రాసే లీటర్లు బుట్ట మొత్తం లోతును కలిపి చెప్పే లెక్క. మనకు కావలసింది బుట్ట అడుగు వైశాల్యం, ఎందుకంటే ముక్కలు ఒకే వరుసలో పరిస్తేనే గాలి అన్నివైపులా తగులుతుంది. కుప్పగా పోస్తే పైవి మాడుతాయి, లోపలివి ఉడికినట్లు మెత్తబడతాయి. నలుగురున్న ఇంటికి నాలుగు లీటర్లది తీసుకుంటే ప్రతి పూటా రెండు వాయిలు వేయవలసి వస్తుంది, రెండో వాయి అయ్యేలోపు మొదటిది చల్లారి మెత్తబడుతుంది. మీకు ఆరు లీటర్ల దగ్గర ఉన్న, బుట్ట అడుగుభాగం నలుచదరంగా ఉండే సొరుగు రకం సరిపోతుందని నా అభిప్రాయం. ఇద్దరే ఉన్నవారికి నాలుగు లీటర్లది చాలు. పది, పన్నెండు లీటర్ల ఓవెన్ రకంలో రెండు మూడు జాలీలు ఉంటాయి గానీ, పై జాలీ మీదివి ముందుగా రంగు తిరుగుతాయి కనుక మధ్యలో జాలీలను మార్చుతూ ఉండాలి. తెర మీద కనిపించే పది రకాల వంటల బటన్లకు అదనంగా డబ్బు పెట్టవలసిన అవసరం లేదు. వేడిని, సమయాన్ని మార్చుకోగలిగితే చాలు. దానికి బదులు, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ వరంగల్‌లో ఉందా, బుట్ట విడిగా దొరుకుతుందా అని దుకాణంలో గట్టిగా అడగండి. ఈ పరికరంలో ముందుగా పాడయ్యేది బుట్ట పూతే.

మీ మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ సదుపాయం ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే అందులోనూ తీగచుట్ట, ఫ్యాన్ ఉన్నట్లే. దానితో వచ్చిన జాలీ మీద బెండకాయ ముక్కలు పరిచి 200 డిగ్రీల వద్ద కాల్చి చూడండి. సమయం కొంచెం ఎక్కువ తీసుకున్నా, ఆ వేపుడు మీ ఇంట్లో వారికి నచ్చితే కొత్తది కొనవలసిన అవసరమే ఉండకపోవచ్చు.

ప్రశ్న: పోయిన సంక్రాంతికి సకినాలను ఎయిర్ ఫ్రయర్‌లో చేసి చూశాను. రాళ్లలా గట్టిగా వచ్చాయి. మా అత్తమ్మ ముందే వద్దన్నారు. పిండి కలపడంలో తప్పు జరిగిందా? గారెలు, మిర్చి బజ్జీలు, గరిజెలు, సర్వపిండిలో ఏవి ఇందులో చేసుకోవచ్చు?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ పిండిలో తప్పేమీ లేదు, మీ అత్తమ్మ గారి మాట కూడా నిజమే. సకినాలు కరకరలాడుతూ నోట్లో విరిగిపోవడానికి కారణం మరిగే నూనె, దానికి బదులుగా వేడిగాలి ఆ పని చేయలేదు. నానబెట్టిన బియ్యాన్ని పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చుట్టలు తిప్పి, కాసేపు ఆరిన తర్వాత కాగిన నూనెలో వేస్తాము. నూనె గాలి కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని పిండికి అందిస్తుంది. సకినం నూనెలో పడగానే లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై బుడగలుగా బయటికి దూసుకువస్తుంది. ఆ ఆవిరి వెళ్లిన దారులన్నీ సన్నని రంధ్రాలుగా మిగిలిపోయి, వాటిలోకి కొంత నూనె చేరుతుంది. మనం తినేటప్పుడు గుల్లగా, కమ్మగా అనిపించేది ఈ రంధ్రాల వల్ల, వాటిలో చేరిన నూనె వల్ల. ఎయిర్ ఫ్రయర్‌లో వేడి నెమ్మదిగా ఎక్కుతుంది కనుక, ఆవిరి దారులు చేసుకునేలోపే పైపొర ఎండి బిగుసుకుపోతుంది. రంధ్రాలూ ఏర్పడవు, లోపలికి చేరడానికి నూనే ఉండదు. బియ్యప్పిండిలో గోధుమపిండిలో ఉన్నట్లు సాగే జిగురు లేకపోవడం వల్ల, ఒకసారి అలా బిగిసిన పిండి రాయిలాగే ఉంటుంది. నూనె రాసి పెట్టినా కొద్దిగా రంగు వస్తుంది తప్ప గుల్లదనం రాదు. చెగోడీలు, మురుకులు, పప్పు అప్పాలు వంటి బియ్యప్పిండి వంటలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఏడాదికి ఒకసారి, ఇంటిల్లిపాదీ బట్ట చుట్టూ కూర్చుని చుట్టే సకినాలను కడాయిలోనే వేయించుకోండి. నూనె తగ్గించుకోవలసింది రోజూ తినే వేపుళ్లలో.

మిర్చి బజ్జీ, మినప గారె జారుడు పిండితో చేసేవి. నూనెలో పడిన క్షణంలో పిండి గట్టిపడి ఆకారం నిలుపుకుంటుంది. చిల్లుల బుట్టలో ఆ అవకాశం లేక పిండి కిందికి కారుతుంది, ఫ్యాన్ గాలికి పక్కలకు చెదురుతుంది. వాటిని ఇందులో ప్రయత్నించవద్దు. మక్క గారెల సంగతి వేరు. లేత మక్కలను బరకగా రుబ్బి, కొంచెం శనగపిండి, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ కలిపి గట్టి ముద్ద చేసుకుని, బేకింగ్ పేపర్ మీద పలుచగా తట్టి, రెండువైపులా నూనె రాసి, 180 డిగ్రీల వద్ద పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు మధ్యలో తిప్పి కాల్చితే బాగుంటాయి. అవి గారెల్లా కాకుండా కట్లెట్‌ల్లా ఉంటాయి, అయినా పిల్లలు ఇష్టంగా తింటారు. గరిజెలు కూడా ఫరవాలేదు. పైపొరకు కొంచెం నెయ్యి కలిపిన గోధుమపిండి లేదా మైదా వాడి, పైన నెయ్యి రాసి, 170 డిగ్రీల వద్ద కాల్చితే బిస్కెట్‌లా విరుగుతాయి. అంచులు గట్టిగా నొక్కాలి, లేకపోతే విచ్చుకుని లోపలి బెల్లం, చక్కెర కారి మాడుతుంది.

సర్వపిండిని మాత్రం దయచేసి దీనిలో పెట్టకండి. అది మన ముందుతరం వారు తక్కువ నూనెతో చేసుకునే పద్ధతిని ఎప్పుడో కనిపెట్టిన వంట. గిన్నె అడుగున పిండి అద్ది, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నాలుగైదు చుక్కల నూనె వేసి, మూతపెట్టి సన్నని మంట మీద ఉంచితే, అడుగు ఎర్రగా కాలుతుంది, మూత కింద చేరిన ఆవిరికి పైభాగం మెత్తగా ఉడుకుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో ఆ ఆవిరిని ఫ్యాన్ ఊడ్చేస్తుంది కనుక, మొత్తం పెళుసుగా ఎండిపోతుంది.

పండుగ వంటల్లో ఈ పరికరం మేలు చేసే చోటు ఒకటుంది. చుడువా కోసం, పచ్చళ్ల కోసం, సకినాల పక్కన పెట్టుకునే కారప్పొడుల కోసం పల్లీలు వేయించడానికి ఇది ఎంతో అనువైనది. 160 డిగ్రీల వద్ద ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచి, రెండుసార్లు కదిలిస్తే, ఒక్కటి కూడా మాడకుండా సమానంగా వేగుతాయి. అటుకులను మాత్రం పెనం మీదే వేయించండి. పలుచని అటుకులు, తేలికైన అప్పడాలు, కరివేపాకు, ఏ బరువూ లేని బేకింగ్ పేపర్ గాలికి లేచి పైనున్న తీగచుట్టకు తగిలితే అంటుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మాది ములుగు జిల్లాలో ఒక గ్రామం. సాయంత్రం పూట మాకు వోల్టేజి తక్కువగా ఉంటుంది. మిక్సీ పెట్టే ప్లగ్గులోనే ఎయిర్ ఫ్రయర్ పెడితే ప్లగ్గు వేడెక్కుతోంది. దీనివల్ల కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? ఇంతవరకు మాకు సున్నా బిల్లు వస్తోంది.
— ఒక పాఠకుడు

జవాబు: అన్నా, ఆ ప్లగ్గులో పెట్టడం ఈ రోజే ఆపండి, మిగతా విషయాలు తర్వాత. సాధారణంగా ఇళ్లలో వాడే ఎయిర్ ఫ్రయర్లు 1200 నుంచి 1800 వాట్ల మధ్య ఉంటాయి. 1500 వాట్ల పరికరం 230 వోల్టుల వద్ద ఆరున్నర ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. మిక్సీ, ఫ్యాన్ పెట్టుకునే చిన్న సాకెట్ 6 ఆంపియర్లకు మాత్రమే తయారైంది. దానిలో అరగంట పాటు ఇంత కరెంటు పారితే లోపలి పిన్నులు వేడెక్కి, ప్లాస్టిక్ మెత్తబడి, చివరికి వైరు అంటుకోవచ్చు. గీజర్‌కు వాడే మాదిరి, లావు పిన్నులు పట్టే 16 ఆంపియర్ల సాకెట్‌ను, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి వైరుతో, సరైన ఎర్తింగ్‌తో ఎలక్ట్రీషియన్ చేత వేయించుకోండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు, పిన్నులు మార్చే అడాప్టర్ ఎంతమాత్రం వాడకండి. ఇన్వర్టర్ మీద కూడా దీన్ని నడపకూడదు.

వోల్టేజి తగ్గితే వేడి అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది, ఎందుకంటే తీగచుట్ట ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టులకు బదులు 190 వోల్టులు వస్తే వేడి దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. ఫ్యాన్ కూడా మందగించవచ్చు. అందువల్ల పుస్తకంలో రాసిన పదిహేను నిమిషాలకు మీ ఇంట్లో ముక్క తెల్లగానే ఉంటే అది మీ లోపం కాదు. ముందుగా ఖాళీ బుట్టతో ఐదారు నిమిషాలు వేడెక్కించి, తక్కువ ముక్కలు పెట్టి, రంగు చూసి తీయండి. వీలైతే వోల్టేజి బాగుండే మధ్యాహ్నం పూటే వాడుకోండి. ఊరంతటికీ ఈ ఇబ్బంది ఉంటే, హనుమకొండలో ప్రధాన కార్యాలయం ఉన్న ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థకు గ్రామస్థులంతా కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం అవసరం.

బిల్లు విషయంలో భయపడవలసినంత లేదు. 1500 వాట్ల పరికరాన్ని 25 నిమిషాలు వాడితే గరిష్ఠంగా ఒక యూనిట్‌లో నూటికి అరవై రెండున్నర వంతుల కరెంటు ఖర్చవుతుంది. మధ్యమధ్యలో చుట్ట ఆగుతుంది కనుక నిజానికి ఇంకా తక్కువే. నెలలో ఇరవైసార్లు వాడినా 12 లేదా 13 యూనిట్లకు మించదు. అయితే మీ సున్నా బిల్లు గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడకానికి వస్తున్నది. ఇప్పటికే మీ మీటరు 190 దగ్గర తిరుగుతున్నట్లయితే ఈ 12 యూనిట్లే మిమ్మల్ని గీత దాటిస్తాయి, ఆ నెల బిల్లు కట్టవలసి వస్తుంది. గడచిన ఎండాకాలపు బిల్లులు తీసి చూసుకోండి.

ప్రశ్న: చేప ముక్కలు బుట్టకు అతుక్కుపోతున్నాయి, తీస్తే పైన మసాలా ఊడిపోతోంది. కారం మాడి ఇల్లంతా ఘాటు. నాటుకోడి పెడితే రబ్బరులా సాగింది. దీనికి సరైన పద్ధతి చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: చెరువు చేపలకు ఈ పరికరం బాగా పనికివస్తుంది, కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే చాలు. కొర్రమట్ట, రవ్వ, బొచ్చె, ఏదైనా సరే, ముక్కలు వేలి మందం కంటే లావుగా ఉండకూడదు. కడిగిన తర్వాత శుభ్రమైన బట్టతో ఒత్తి తడిని పూర్తిగా తీయాలి, ఎందుకంటే తడి ఉన్నంతసేపు ముక్క వేగకుండా ఉడుకుతుంది. అరకిలో ముక్కలకు అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పు, పసుపు, నిమ్మరసం, కారంతో పాటు ఒక చెంచా బియ్యప్పిండి, రెండు టీస్పూన్ల నూనె కలిపి అరగంట ఉంచండి. మసాలాలో నూనె కలిపితే కారం పొడిగా గాలికి తగలదు, అందువల్ల త్వరగా మాడదు. బుట్టను ముందే మూడు నిమిషాలు వేడిచేసి, అడుగున నూనె రాసి, అప్పుడు ముక్కలు పరచాలి. అతుక్కోవడానికి అసలు కారణం చల్లని బుట్టలో పెట్టడం, ఇంకా తొందరపడి తిప్పడం. 180 డిగ్రీల వద్ద ఎనిమిది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగు వేగి ముక్క తనంతట తానే విడుతుంది, అప్పుడు తిప్పి మరో ఐదు నిమిషాలు ఉంచండి. 200 డిగ్రీలు చేపకు అక్కరలేదు.

ఘాటు తగ్గాలంటే వరంగల్ చపాట మిర్చి కారం వాడి చూడండి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిర్చికి ఎర్రదనం ఎక్కువ, కారం తక్కువ. రంగు కోసం కారం ఎక్కువ వేసుకునే అలవాటు ఉన్నవారికి ఇది చక్కగా సరిపోతుంది.

నాటుకోడి విషయంలో మీరు నిరాశపడవద్దు. దాని కండరాలు గట్టివి, అవి మెత్తబడడానికి తడి, సమయం కావాలి. ఎయిర్ ఫ్రయర్ ఇచ్చేది పొడి వేడి. ముందుగా ప్రెషర్ కుక్కర్‌లో ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లితో మెత్తగా ఉడికించి, నీరు ఇగిరిన తర్వాత మసాలా, కొంచెం నూనె పట్టించి, 190 డిగ్రీల వద్ద ఎనిమిది నిమిషాలు పెడితే మంచి వేపుడు అవుతుంది. బాయిలర్ కోడి కాళ్లను నేరుగా 180 డిగ్రీల వద్ద ఇరవై రెండు నుంచి ఇరవై ఐదు నిమిషాలు కాల్చవచ్చు. ఎముక దగ్గర కోసి చూసినప్పుడు నీరు ఎర్రగా కనిపిస్తే ఇంకా ఉంచాలి. తోలుతో పెట్టినప్పుడు కొవ్వు కారి పొగ వస్తుంది, బుట్ట కింది సొరుగులో రెండు మూడు చెంచాల నీరు పోస్తే ఆ పొగ ఆగుతుంది.

ప్రశ్న: నల్లటి నాన్‌స్టిక్ పూత వల్ల, మాడిన ఆలుగడ్డల వల్ల క్యాన్సర్ వస్తుందని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. ఇది నిజమేనా?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఈ రెండూ వేర్వేరు విషయాలు. నాన్‌స్టిక్ పూతలో వాడే టెఫ్లాన్ దాదాపు 260 డిగ్రీలు దాటినప్పుడు విడిపోయి హానికరమైన పొగలు వదలడం మొదలుపెడుతుంది. ఎయిర్ ఫ్రయర్లు సాధారణంగా 200 డిగ్రీల వద్ద ఆగిపోతాయి కనుక, మంట మీద మరిచిపోయిన నాన్‌స్టిక్ పెనంతో పోలిస్తే ఇక్కడ ప్రమాదం తక్కువ. పూర్వం ఆ పూత తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది, అయితే ప్రధాన తయారీదారులు దాని వాడకాన్ని 2015 నాటికే మానుకున్నారు. ఇనుప గరిటెలు, పీచు వాడకుండా చెక్క లేదా సిలికాన్ గరిటె వాడండి, పూత పొరలుగా లేస్తే బుట్ట మార్చండి. స్టీలు బుట్ట ఉన్న రకాలు కూడా దొరుకుతాయి, అవి కొంచెం అతుక్కుంటాయి గానీ ఈ దిగులు ఉండదు. ఇంట్లో చిలుకలను పెంచుకునేవారు వాటి పంజరాన్ని వంటింటికి దూరంగా ఉంచాలి, పక్షుల ఊపిరితిత్తులు ఇటువంటి పొగలను ఏమాత్రం తట్టుకోలేవు.

ఆలుగడ్డలో వచ్చేది ఆక్రిలమైడ్. పిండిపదార్థం ఉన్న ఆహారం 120 డిగ్రీలు దాటి పొడిగా వేగినప్పుడు ఇది తయారవుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో వెల్లడించారు. కడాయి, ఓవెన్, ఎయిర్ ఫ్రయర్, ఎందులోనైనా ఇది వస్తుంది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించవచ్చని అనుమానించే పదార్థాల్లో దీన్ని చేర్చారు గానీ, మనం తినే మోతాదులో అది హాని చేస్తుందని తేలలేదు. ముక్కలను అరగంట నీళ్లలో నానబెట్టి, తుడిచి, బంగారు రంగు రాగానే తీసేయడం తేలికైన జాగ్రత్త. అదే సమయంలో, పలుమార్లు కాచి నల్లబడిన నూనెను మళ్లీ వాడే అవసరం ఈ పరికరంతో తప్పుతుంది. నా దృష్టిలో దీనివల్ల ఆరోగ్యానికి కలిగే పెద్ద మేలు అదే.

ప్రశ్న: ఎంత కడిగినా మా ఎయిర్ ఫ్రయర్‌లో చేపల వాసన పోవడం లేదు. బిస్కెట్లు చేసినా అదే వాసన.
— ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: మీరు బుట్టను మాత్రమే కడుగుతున్నారని అనిపిస్తోంది. వాసన ఉండేది పైనున్న తీగచుట్ట మీద, దాని చుట్టూ చిందిన కొవ్వు మీద. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారిన తర్వాత పరికరాన్ని వెనక్కి వాల్చి, గోరువెచ్చని నీళ్లలో కొంచెం గిన్నెల సబ్బు కలిపి పిండిన మెత్తని బట్టతో చుట్టను, చుట్టుపక్కల రేకును తుడవండి, తర్వాత సబ్బు లేని తడిబట్టతో, చివరగా పొడిబట్టతో తుడవండి. పరికరాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్లలో ముంచకూడదు, కుళాయి కింద పెట్టకూడదు. బుట్టను, సొరుగును వేడినీళ్లలో వంటసోడా కలిపి అరగంట నానబెట్టి మెత్తని స్పాంజితో కడగండి. అంతా బాగా ఆరిన తర్వాత కిటికీ తెరిచి, ఖాళీగా 180 డిగ్రీల వద్ద ఐదు నిమిషాలు నడిపితే మిగిలిన వాసన పోతుంది. చేప చేసిన రోజే ఈ పని చేయాలి, మర్నాటికి కొవ్వు గట్టిపడితే తుడవడం కష్టం. వెనుకవైపు గాలి బయటికి పోయే కంతల దగ్గర కూడా జిడ్డు పేరుకుంటుంది, అందుకే గోడకు జానెడు దూరంలో పెట్టి, ఆ గోడను, కంతలను కూడా అప్పుడప్పుడు తుడుస్తూ ఉండండి.